చెప్పుకోలేని చోట మానని మచ్చ: అరుదైన చర్మ క్యాన్సర్లను ఎలా గుర్తిస్తారు, ఎలా నయం చేస్తారు?



షుగరు గురించో బీపీ గురించో రాస్తే ఇంట్లో అందరూ కలిసి చదువుతారు. ఈసారి విషయం అలాంటిది కాదు. మర్మాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ ఉండే చర్మానికి వచ్చే క్యాన్సర్ల గురించి రాస్తున్నాం. ఇవి అరుదైనవే. అయినా ఎందుకు రాస్తున్నామంటే, వీటిలో చాలావాటిని తొలిదశలో పట్టుకుంటే నయం చేయవచ్చు. సిగ్గుపడి దాచుకున్నందువల్లనే అవి ముదురుతున్నాయి. కనుక దయచేసి చివరిదాకా చదవండి. చదివిన తర్వాత ఈ పత్రికను ఇంట్లో పెద్దవాళ్ళ చేతికి అందేచోట పెట్టండి.

ఇద్దరి మాటలు

ఒక పెద్దాయన. వయసు 65 దాటింది. వృషణాల సంచి పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ వచ్చింది, దురద పెట్టేది. మెడికల్ షాపులో అడిగితే తామర అని ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే తగ్గినట్టుండేది, మానేస్తే మళ్ళీ వచ్చేది. ట్యూబులు మారుతూ మూడేళ్ళు గడిచాయి. మచ్చ అరచేయంత అయింది. ఆయన భార్యకు కూడా చెప్పలేదు. ఉతకడానికి వేసిన బట్టల మీద రక్తపు మరక చూసి ఆమే నిలదీసి ఆసుపత్రికి తీసుకువచ్చింది.

ఒక అమ్మ. ముట్లు ఆగి పదేళ్ళయింది. మూత్రం పోసే చోట తెల్లగా పాలిపోయినట్టు అయింది, రాత్రిళ్ళు నిద్ర పట్టనంత దురద. సబ్బు పడలేదని అనుకుంది, వేడి చేసిందని మజ్జిగ తాగింది, కొబ్బరి నూనె రాసుకుంది. డాక్టరు మగవారేమో అన్న భయంతో రాలేదు. చివరికి అక్కడ చిన్న గడ్డ తగిలి, కూతురికి ఫోనులో చెప్పుకుని ఏడ్చింది.

ఇవి ఏ ఒక్కరి కథలూ కావు. చర్మవ్యాధుల ఓ.పి.లో మళ్ళీ మళ్ళీ వినబడే మాటలను కలిపి రాసినవి. ఇద్దరూ చేసిన పొరపాటు ఒక్కటే, ఎవరికీ చూపించకపోవడం.

ఎందుకు ఆలస్యమవుతుంది?

మొదటి కారణం సిగ్గు. చేతి మీద పుండు మానకపోతే ఎదురింటివాళ్ళు కూడా చూసి డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. ఈ చోటును మాత్రం మనం తప్ప ఎవరూ చూడరు. చాలామంది తాము కూడా సరిగ్గా చూసుకోరు.

రెండవ కారణం అపోహ. పెద్ద ఆసుపత్రులలో గది ముందు "చర్మ, సుఖవ్యాధుల విభాగం" అని బోర్డు ఉంటుంది. ఆ బెంచీ మీద కూర్చుంటే తెలిసినవాళ్ళు చూసి ఏమనుకుంటారోనని కొందరు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతారు. ఆ బోర్డు కింద బొల్లి, సోరియాసిస్, మొటిమలు, గజ్జి అన్నీ చూస్తారు. అక్కడ కూర్చోవడం నేరం కాదు.

మూడవ కారణం ట్యూబు మందులు. క్లోబెటసాల్, బెటామెథసోన్ వంటి స్టిరాయిడ్లను ఫంగస్ మందుతో కలిపిన క్రీములు మన దగ్గర విరివిగా వాడుతున్నారు. స్టిరాయిడ్ ఎరుపును, దురదను కొన్నాళ్ళు అణచివేస్తుంది. లోపలి జబ్బు అలాగే ఉంటుంది. తామర అయితే ఇంకా పాకుతుంది, క్యాన్సర్ అయితే కనబడకుండా పెరుగుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కనుక "మొన్న మా తమ్ముడికి పనిచేసింది" అని ఒకరి ట్యూబు మరొకరు వాడకండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. గజ్జల్లో దురద వచ్చే నూటికి తొంభై తొమ్మిది మందికి అది క్యాన్సర్ కాదు. తామర, చెమటకాయలు, షుగరు వల్ల వచ్చే ఫంగస్, అలర్జీ ఇవే ఎక్కువ. భయపడవద్దు. కానీ సరైన మందు నెల రోజులు వాడినా మానని మచ్చను డాక్టరుకు మళ్ళీ చూపించి తీరాలి.

ఏయే రకాలు?

పేజెట్ వ్యాధి: లండన్ వైద్యుడు సర్ జేమ్స్ పేజెట్ 1874లో రొమ్ము మొన మీద తామరలా కనిపించే ఒక మచ్చ గురించి రాశారు. దాని వెనుక క్యాన్సర్ ఉంటుందని చెప్పారు. 1889లో క్రాకర్ అనే మరో వైద్యుడు అదే వ్యాధిని మగవారి వృషణాల సంచి మీద, అంగం మీద గుర్తించారు. మర్మాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ, అరుదుగా చంకలో వస్తుంది. ఎక్కువగా 60 ఏళ్ళు దాటినవారిలో కనబడుతుంది. ఎర్రగా, అక్కడక్కడా తెల్లని పొట్టుతో, తడిగా ఉంటుంది. దురద, మంట ఉంటాయి. చూపుకు అచ్చం తామరే. చాలామందిలో ఏళ్ళ తరబడి పైపొరలోనే ఉండి మెల్లగా పాకుతుంది. కొందరిలో లోపలికి దిగుతుంది. కొద్దిమందిలో పేగులో, మూత్రాశయంలో, గర్భాశయ ద్వారంలో ఉన్న మరో క్యాన్సర్‌కు ఇది బయటి గుర్తు. అందుకే లోపలి పరీక్షలు కూడా చేస్తారు.

బోవెన్ వ్యాధి: అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన చర్మ వైద్యుడు జాన్ బోవెన్ 1912లో దీనిని వివరించారు. ఇది చర్మం పైపొరకే పరిమితమైన క్యాన్సర్. అంచులు స్పష్టంగా ఉన్న ఎర్రని లేదా గోధుమ రంగు మచ్చలా, కొన్నిసార్లు మఖమలు గుడ్డలా నునుపుగా ఉంటుంది. ఈ దశలో తీసేస్తే పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే కొందరిలో లోపలికి పాకే క్యాన్సర్‌గా మారుతుంది.

తెల్లమచ్చ, దానిపై వచ్చే క్యాన్సర్: పైన చెప్పిన అమ్మకు మొదట ఉన్నది లైకెన్ స్క్లెరోసస్ అనే తెల్లమచ్చ. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు. సరిగా వైద్యం చేయకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే కొద్దిమందిలో, నూటికి ఐదుగురి లోపు, అక్కడ క్యాన్సర్ రావచ్చు. చిత్రమేమిటంటే ఈ జబ్బుకు సరైన మందు స్టిరాయిడ్ పూతే. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్నాళ్ళు వాడితే దురద తగ్గుతుంది, క్యాన్సర్ భయమూ తగ్గుతుంది. ఒకే మందు ఒక జబ్బుకు మేలు, మరో జబ్బుకు కీడు. ఏ జబ్బో తెలియకుండా ట్యూబు కొనవద్దనడానికి కారణం ఇదే.

పురుషాంగం క్యాన్సర్: ముందు చర్మం వెనక్కి రానివారిలో, లోపల శుభ్రం చేసుకోవడం కుదరనివారిలో, పొగాకు వాడేవారిలో ఎక్కువ. చర్మం కింద మానని పుండు, గట్టి గడ్డ, దుర్వాసన, రక్తం దీని గుర్తులు. ముందు చర్మం మూసుకుపోయి ఉంటే లోపల ఏముందో కనబడదు. కనుక చర్మం బిగుసుకుపోయినవారు పుండు వచ్చేదాకా ఆగకూడదు.

కాలిఫ్లవర్‌లా పెరిగే కణితి: పులిపిరిలా మొదలై గోబీపువ్వు ఆకారంలో పెరుగుతుంది. పక్కనున్న కండను తొలుచుకుంటూ పోతుంది కానీ దూరపు అవయవాలకు సాధారణంగా పాకదు. పూర్తిగా తీసేయడమే మందు.

మెలనోమా: నల్లమచ్చ రూపంలో వచ్చే క్యాన్సర్. మనలో అరుదు. వస్తే మాత్రం వేగంగా పాకుతుంది. పుట్టుమచ్చ ఆకారం వంకరటింకరగా మారినా, రంగులు కలిసినా, పెరిగినా, రక్తం కారినా చూపించాలి. మలద్వారం లోపల వస్తే మొలలనుకుని మోసపోతాం.

మలద్వారపు క్యాన్సర్: రక్తం పడటం, నొప్పి, ఏదో అడ్డుపడినట్టుండటం దీని గుర్తులు. మొలలకూ ఇవే గుర్తులు. కనుక మొలల మందు వాడే ప్రతి ఒక్కరూ కనీసం ఒక్కసారైనా డాక్టరు చేత వేలి పరీక్ష చేయించుకోవాలి. పరీక్ష చేయకుండా మొలలని చెప్పి మందు ఇచ్చేవారిని నమ్మకండి.

ఎప్పుడు వెంటనే రావాలి?

1. నెల రోజులు వైద్యం చేసినా మానని మచ్చ, పుండు, పగులు ఉంటే.
2. ట్యూబు ఆపగానే అదే చోట మళ్ళీ మళ్ళీ వస్తుంటే.
3. మచ్చ ఒకవైపే ఉండి మెల్లగా పెద్దదవుతుంటే. తామర సాధారణంగా రెండు గజ్జల్లోనూ వస్తుంది.
4. తడి, రక్తం, చీము, దుర్వాసన ఉంటే.
5. చేతికి గట్టి గడ్డ తగిలితే.
6. గజ్జల్లో బిళ్ళ కట్టి రెండు మూడు వారాలైనా పోకపోతే.
7. కొత్త నల్లమచ్చ వచ్చినా, పాత పుట్టుమచ్చ మారినా.
8. ముట్లు ఆగిన తర్వాత ఆ భాగంలో తీరని దురద లేదా తెల్లమచ్చ ఉంటే.

నెలకొకసారి స్నానం తర్వాత చిన్న అద్దం పట్టుకుని చూసుకోండి. రెండు నిమిషాల పని.

డాక్టరు ఏమి చేస్తారు?

మొదట మాట్లాడతారు. ఎంతకాలంగా ఉంది, ఏ మందులు వాడారు అని అడుగుతారు. వాడిన ట్యూబులు ఖాళీవైనా సరే వెంట తీసుకురండి. షుగరు, రక్తం పల్చబరిచే మందులు, పొగాకు అలవాటు ఉంటే దాచకుండా చెప్పండి.

తర్వాత పరీక్ష. తెర చాటున, అవసరమైన భాగం మాత్రమే చూస్తారు. స్త్రీలు లేడీ డాక్టరు కావాలని అడగవచ్చు. మగ డాక్టరు చూస్తే గదిలో నర్సు గానీ మీ బంధువు గానీ ఉండాలని అడిగే హక్కు మీకుంది. మచ్చను, గజ్జల్లోని బిళ్ళలను, అవసరమైతే మలద్వారాన్ని, గర్భాశయ ద్వారాన్ని చూస్తారు.

ఆ తర్వాత ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. కంటితో చూసి ఎంత పెద్ద డాక్టరైనా పేజెట్ వ్యాధినీ తామరనూ ఖాయంగా వేరు చేయలేరు. మైక్రోస్కోపు చేయగలదు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి పెన్ను మూతలాంటి గుండ్రని బ్లేడుతో 3, 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. అంటే మినపగింజంత. ఒక కుట్టు వేస్తారు, లేదా అదీ ఉండదు. అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది.

"కత్తి తగిలితే క్యాన్సర్ చెలరేగుతుంది" అని పెద్దలు అంటుంటారు. అది నిజం కాదు. ముక్క తీసినందువల్ల ఈ చర్మ క్యాన్సర్లు పాకవు. తీయకుండా ఏళ్ళు గడపడం వల్లనే పాకుతాయి.

ఒక్కోసారి మొదటి ముక్కలో ఏమీ తేలదు. అనుమానం మిగిలితే మరో చోటునుండి మళ్ళీ తీస్తారు. డబ్బు కోసం చేస్తున్నారని అనుకోకండి. పేజెట్ వ్యాధి, బోవెన్ వ్యాధి, మెలనోమా మైక్రోస్కోపులో కొన్నిసార్లు ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు అదే ముక్కకు ప్రత్యేక రంగుల పరీక్షలు చేస్తారు. సి.కె.7 అనే పరీక్ష సాధారణంగా పేజెట్ కణాలను చూపిస్తుంది, ఎస్.100 వంటివి మెలనోమాను చూపిస్తాయి. ఈ పరీక్షకు మళ్ళీ కొయ్యనక్కరలేదు. మీ గాజు స్లైడులు, మైనపు బ్లాకు ఎక్కడ ఉన్నాయో అడిగి తెలుసుకోండి. పెద్ద ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు అవి వెంట ఉంటే కాలం, డబ్బు కలిసివస్తాయి.

క్యాన్సర్ అని తేలితే ఎంత దూరం పాకిందో చూస్తారు. గజ్జల్లో బిళ్ళ ఉంటే సన్నని సూదితో కణాలు తీస్తారు. స్కాన్ చేస్తారు. పేజెట్ వ్యాధిలో పేగు, మూత్రాశయం పరీక్షలు, స్త్రీలకు గర్భాశయ ద్వారం, రొమ్ము పరీక్షలు కూడా చేయిస్తారు. హెచ్.ఐ.వి. పరీక్ష కూడా రాయవచ్చు. అది అనుమానించడం కాదు. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ జబ్బులు ఎక్కువ గనుక వైద్యానికి ఆ వివరం కావాలి.

చికిత్సలు

ఆపరేషన్: చాలా రకాలకు ఇదే ముఖ్యమైన వైద్యం. మచ్చను, చుట్టూ కొంత ఆరోగ్యకరమైన చర్మంతో కలిపి తీసేస్తారు. పేజెట్ వ్యాధిలో ఒక చిక్కుంది. కంటికి కనబడే మచ్చ కంటే అసలు జబ్బు ఎక్కువ దూరం వ్యాపించి ఉంటుంది. అందుకే ముందుగా చుట్టూ చిన్న చిన్న ముక్కలు తీసి సరిహద్దు చూసుకుంటారు, లేదా ఆపరేషన్ జరుగుతుండగానే అంచులను పరీక్షిస్తారు. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ 1930లలో కనిపెట్టిన పద్ధతిలో పొర తరువాత పొర తీస్తూ, ప్రతి పొర అంచునూ మైక్రోస్కోపులో చూస్తూ, జబ్బు లేని చోట ఆపుతారు. దీనివల్ల మంచి చర్మం మిగులుతుంది, జబ్బు తిరగబెట్టడం తగ్గుతుంది. ఈ సదుపాయం అన్నిచోట్లా ఉండదు. తీసిన చోటు పెద్దదైతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు.

పురుషాంగం క్యాన్సర్ అనగానే మొత్తం తీసేస్తారని భయపడి పారిపోయేవారున్నారు. తొలిదశలో పూత మందుతో, లేజరుతో, లేదా పైపొర మాత్రమే తీసి అతికించడంతో సరిపోవచ్చు. కొంచెం ముదిరితే కొనభాగం తీస్తారు. అప్పుడు కూడా చాలామంది నిలబడి మూత్రం పోసుకోగలుగుతారు. పూర్తిగా తీసే పరిస్థితి ఆలస్యంగా వచ్చినవారికే ఎక్కువగా వస్తుంది.

పూత మందులు: పైపొరకే పరిమితమైన జబ్బుకు ఇమిక్విమాడ్, 5-ఫ్లోరోయురాసిల్ అనే క్రీములు వాడతారు. ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు ఇవి ఉపయోగం. కొన్ని వారాలు, నెలలు వాడాలి. చర్మం ఎర్రబడి మండుతుంది. భయపడి మీకై మీరు ఆపకండి, డాక్టరును అడగండి. ముక్క పరీక్ష లేకుండా వీటిని మొదలుపెట్టకూడదు.

రేడియేషన్: మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. అది కరెంటు షాకు కాదు, ఎక్స్‌రే లాంటి కిరణాలు. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. కొన్ని రోజులకు చర్మం కమిలినట్టు అవుతుంది, తర్వాత మానుతుంది.

మలద్వారపు క్యాన్సర్‌కు ఒకప్పుడు మలద్వారం తీసేసి పొట్ట మీద సంచి పెట్టడమే దారి. అమెరికాలోని డెట్రాయిట్ సర్జన్ నార్మన్ నిగ్రో 1974లో, ఆపరేషన్‌కు ముందు రేడియేషన్, మందులు కలిపి ఇస్తే గడ్డ కరిగిపోతోందని చూపించారు. అప్పటినుండి ఎక్కువమందికి ఈ కలిపిన వైద్యమే మొదటి వైద్యం. వారానికి 5 రోజుల చొప్పున ఐదారు వారాలు. మధ్యలో మానకుండా పూర్తి చేసినవారిలో చాలామందికి సంచి అవసరం రాదు.

మెలనోమాకు ఆపరేషన్‌తో పాటు, పాకినప్పుడు శరీరపు రోగనిరోధక శక్తిని రేపే ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి ఖరీదైనవి. మొదలుపెట్టేముందు ఎన్ని డోసులు, ఎంత ఖర్చు, ఎంత ప్రయోజనం అని నిస్సంకోచంగా అడగండి.

వైద్యం అయిపోయాక

పేజెట్ వ్యాధి తిరగబెట్టే గుణం ఉన్నది. మొదటి రెండు మూడేళ్ళు 3 నుండి 6 నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి చూపించుకోవాలి. ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు. తిరిగి వచ్చినా చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే మళ్ళీ తీయవచ్చు.

ఇంట్లో గాయాన్ని గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది, పొడిగా ఉంచండి. డెటాల్, పసుపు, ఆకు పసర్లు వేయకండి. వదులైన నూలు బట్టలు వేసుకోండి. మలబద్ధకం రాకుండా నీళ్ళు, కూరగాయలు ఎక్కువ తీసుకోండి. గజ్జల్లో బిళ్ళలు తీసినవారికి కాలు వాయవచ్చు. కాలికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. దాంపత్య జీవితం గురించి భార్యాభర్తలు ఇద్దరూ కలిసి డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు.

రాకుండా చూసుకోగలమా?

అన్నిటినీ ఆపలేం. పేజెట్ వ్యాధి ఎందుకు వస్తుందో పూర్తిగా తెలియదు. బోవెన్ వ్యాధిలో, మలద్వారపు క్యాన్సర్‌లో, మర్మాంగాల క్యాన్సర్లలో కొంత భాగానికి మాత్రం హెచ్.పి.వి. అనే వైరస్, ముఖ్యంగా 16వ రకం, కారణం. ఈ వైరస్ గర్భాశయ ద్వారపు క్యాన్సర్‌కు కారణమని కనుగొన్న హారాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ వైరస్‌కు టీకా ఉంది. మన దేశంలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023లో విడుదలైంది. 9 నుండి 14 ఏళ్ళ లోపు వేయిస్తే మేలు ఎక్కువ. మగపిల్లలకు కూడా వేయవచ్చు.

టీకా అనగానే కొందరు ఖమ్మం సంగతి అడుగుతారు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం ప్రాంతాల్లో వేలమంది బాలికలకు ఒక అధ్యయనం కింద ఈ టీకా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రులను అడగకుండా చాలా చోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది. తప్పు జరిగింది అడగకుండా, చెప్పకుండా వేయడంలో. కనుక మీరు అడగండి, తెలుసుకోండి, తర్వాత నిర్ణయించుకోండి.

టీకాతో పాటు పొగాకు మానడం, రోజూ శుభ్రత, తెల్లమచ్చలకు సకాలంలో వైద్యం, ఆడవారికి గర్భాశయ ద్వారపు పరీక్ష, ఇవన్నీ కాపాడతాయి.

ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎలా?

మొదట దగ్గరలో ఉన్న చర్మవైద్యునికి చూపించండి. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. క్యాన్సర్ అని తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, పంజగుట్టలోని నిమ్స్, బంజారాహిల్స్‌లో 2000 సంవత్సరం నుండి ఉన్న బసవతారకం ఆసుపత్రి వంటివి ఉన్నాయి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వారికి ప్రయాణం కూడా పెద్ద కష్టం కాదు. 2018 నుండి నడుస్తున్న ఎల్.బి.నగర్–మియాపూర్ మెట్రోలో ఎక్కడా మారకుండా లక్డీకాపూల్‌లో దిగితే ఎం.ఎన్.జె. దగ్గరే. నిమ్స్‌కు కూడా అదే రైలు. గజ్జల్లో కుట్లున్నవారికి ఆటో కుదుపుల కంటే ఇదే నయం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమోథెరపీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు తీసుకుని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటరు దగ్గర అడగండి. ఇల్లు, పుస్తెలు తాకట్టు పెట్టేముందు ఆ కౌంటరుకు వెళ్ళండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అంటుకుంటుందా? క్యాన్సర్ అంటుకోదు. ఒకే పళ్ళెంలో తినవచ్చు, ఒకే మంచం మీద పడుకోవచ్చు. హెచ్.పి.వి. వైరస్ మాత్రం దంపతుల మధ్య సోకుతుంది.

అయితే నా భర్త, నా భార్య తప్పు చేసినట్టేనా? కాదు. పేజెట్ వ్యాధికి, తెల్లమచ్చకు, మెలనోమాకు ఈ ప్రశ్నే వర్తించదు. హెచ్.పి.వి. విషయంలో కూడా, ఆ వైరస్ చాలా సాధారణం. పెళ్ళయిన ఎవరికైనా రావచ్చు, ఏళ్ళ తరబడి నిద్రపోయి తర్వాత బయటపడవచ్చు. ఎప్పుడు, ఎవరినుండి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. జబ్బును సాక్ష్యంగా పెట్టి కాపురాలు కూల్చుకోవద్దు.

ఇది పాపానికి శిక్షా? కాదు. చర్మపు కణం దారి తప్పడం జబ్బు. ముక్కు మీద వస్తే జబ్బు అని, ఇక్కడ వస్తే శిక్ష అని అనడం న్యాయం కాదు.

ప్రార్థనతో నయం కాదా? ప్రార్థన చేయించుకోండి. ముక్క పరీక్ష కూడా చేయించుకోండి. ఈ రెండిటిలో ఒకటి చేస్తే మరొకటి మానాలని ఎవరూ చెప్పలేదు. ప్రార్థన నూనెను నుదుటికి రాసుకోండి, పుండు మీద వద్దు.

సంఘ పెద్దలకు, కాపరులకు ఒక మనవి

ఎవరైనా ఇలాంటి జబ్బు గురించి మీతో చెప్పుకుంటే, ఆదివారం ప్రార్థన విన్నపాల్లో జబ్బు పేరు చదవకండి. "మన సహోదరుని ఆరోగ్యం కొరకు" అంటే చాలు, దేవునికి తెలుసు. రహస్యం నిలవదన్న భయంతోనే చాలామంది నోరు విప్పడంలేదు. మీరు మాట నిలుపుకుంటే ఒక ప్రాణం నిలబడవచ్చు. వీలైతే వారితోపాటు ఆసుపత్రికి వెళ్ళండి. ఆ బెంచీ మీద పక్కన ఒకరు కూర్చుంటే సగం భయం పోతుంది.

మన ప్రాంతపు మిషను ఆసుపత్రులకు ఈ పని కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో మెథడిస్టు మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పుడూ జనం మచ్చలను పంచె కింద, చీర కొంగు కింద దాచుకునేవారు. దాచినంతకాలం వేళ్ళు పోయేవి. చూపించడం మొదలుపెట్టిన తర్వాతే వైద్యానికి దారి దొరికింది. నేడు ఆ జబ్బుకు పూర్తి వైద్యం ఉంది.

సువార్తలో పన్నెండేళ్ళ రక్తస్రావంతో బాధపడిన స్త్రీ మనందరికీ తెలుసు. ఎందరో వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చుపెట్టింది. జనం మధ్య వణుకుతూ ముందుకు వచ్చి, తన సంగతి చెప్పింది. ప్రభువు ఆమెను సిగ్గుపరచలేదు, కుమారీ అని పిలిచి సమాధానంతో పంపాడు. ఆమె పన్నెండేళ్ళు ఆగింది. మీరు ఆగనక్కరలేదు. మానని మచ్చ ఉంటే ఈ వారమే చూపించుకోండి. మీ ఇంట్లో ఎవరైనా గోక్కుంటూ, కూర్చోలేక ఇబ్బంది పడుతూ కనిపిస్తే నెమ్మదిగా అడగండి. గేలి చేయకండి. వెంట రండి.

దేవుడు మీకు ఆరోగ్యమును, ధైర్యమును దయచేయును గాక.